పొయ్యిలో చెయ్యి

మా చిన్నప్పుడు... వానలు తగ్గి మంచు మొదలయ్యే వేళకి అమ్మ పెరటి వంటపాకను చలికాలానికి సిద్ధం చేసేది. నాలుగు నెలలు ఎవరూ అడుగుపెట్టని చోటు. బూజు, బొద్దింకల పెంట, తడిసి గడ్డకట్టిన బూడిద... ముక్కు మూసుకుని ఊడ్చేవాళ్లం.

అలుకుడు, మట్టిపూత అన్నీ తర్వాత. ముందు పొయ్యిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి తడమాలి. ఆ పని నాది.

"లోపల ఎవులున్నారో సూడకుండా నిప్పెట్టకూడదురా" అనేది అమ్మ.

ఓసారి చల్లగా, మెత్తగా ఏదో తగిలింది... కప్ప. నా అరచేతిలోనే ఉచ్చ పోసింది. ఆ పూట అన్నం ముద్ద నోటిదాకా వెళ్లలేదు. ఇప్పటికీ తలుచుకుంటే వేళ్లు జిగురుగా అనిపిస్తాయి.

రైల్వే ఉద్యోగం నన్ను శ్రీకాకుళం వైపు నుంచి రాయపూర్ తెచ్చింది. తర్వాత ఆ ఊళ్లోనే మోవా అనే పేటలో ఇల్లు కట్టుకున్నాం. వెనక గోడకి ఆనించి రేకుల పంచ, అందులో మట్టిపొయ్యి... పక్కనే దాని వేడిని అందుకునే చిన్న పొయ్యి. మావైపు కోడిపొయ్యి అంటాం. ఇక్కడి చలికి మా ఆవిడకి అదే ప్రాణం. వంటా అక్కడే, స్నానాల నీళ్లూ అక్కడే.

మనవరాలు పుట్టిన ఏడాది, చలి మొదలైన రోజుల సంగతి. మర్నాడు పొద్దున్నే మా అమ్మాయి పసిగుడ్డుతో ఆసుపత్రి నుంచి వస్తోంది. పసిదాని స్నానానికి నీళ్లు కట్టెల పొయ్యి మీదే కాగాలని మా ఆవిడ పట్టు.

"సాయంత్రానికల్లా పొయ్యి తయారైపోవాల. జల్దీ కానీండి" అని చెప్పి బజారుకి వెళ్లింది.

రేకుల కింద మసి పీలికలుగా వేలాడుతోంది. కాగు అడుగున జిడ్డు నీళ్లు, వాటిలో ఉబ్బిన బల్లి. అన్నీ పారబోసి కడిగాను.

పొయ్యిలో చెయ్యి మాత్రం పెట్టలేకపోయాను. అరవై ఏళ్ల మనిషిని... ఆ కప్పే గుర్తొచ్చింది. కర్రతో పొడిచి చూశాను. మెత్తగా తగిలింది. కర్ర కొసకి పాత చీర పీలిక వచ్చింది. గుడ్డపీలికలేలే అనుకున్నాను. పేడా ఎర్రమన్నూ కలిపి పొయ్యి అలికి, పూత ఆరడానికి నిప్పు రాజేశాను.

ముందు పొగ... తర్వాత కంపు. వెంట్రుకలు కాలిన కంపు.

కోడిపొయ్యి కన్నంలోంచి ఓ ఎలుక దూకింది, తోక కమిలిపోయి. పారిపోలేదు. మళ్లీ మంట వైపే పరుగెత్తింది... వెనక్కి వచ్చింది... మళ్లీ వెళ్లింది. అప్పుడు వినిపించాయి, లోపలి నుంచి సన్నని కీచులు. నేను నీళ్లు కుమ్మరించేసరికి అవి ఆగిపోయాయి.

గోడ అవతలి నుంచి పొరుగింటావిడ "క్యా జలా దియే, కాకా?" అని అడిగింది, ఏం తగలబెట్టారని. పొయ్యిలో ఇంకో చెంబు నీళ్లు పోశాను.

మా ఆవిడ వస్తూనే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "సెయ్యెట్టి సూసినారా?"

"చూశాను" అన్నాను.

ఆమె నా చేతి వంక చూసింది. మణికట్టు దాకా పేడమన్ను. ఆ పైన బూడిద మరకైనా లేదు.

"పసిపిల్ల నీళ్లు దీని మీద కాయమంటారా? ఛీ!"

గునపం తెచ్చి తనే పొయ్యి పగలగొట్టింది. లోపల ఎర్రగా, వేలెడంత కూడా లేనివి ఐదు... ఇంక రాయను.

మర్నాడు మూడు ఇటుకల మీద కాగాయి నీళ్లు. స్నానం చేయించి, సాంబ్రాణి పొగ వేసి, పసిదాన్ని నా చేతుల్లో పెట్టబోయింది మా ఆవిడ. ఆ పిల్ల కూడా ఎర్రగా, గుప్పెడంత... నేను వెనక్కి తగ్గాను.

"నాన్నకి మనవరాలి దగ్గర కూడా సిగ్గే!" అని మా అమ్మాయి నవ్వింది. మా ఆవిడ నవ్వలేదు.

నెల దాకా ఎత్తుకోలేదు. సబ్బుతో ఎంత తోమినా ఆ చెయ్యంటే నాకే రోత.

ఇప్పుడు ఆ పంచలో వాషింగ్ మెషిన్ ఉంది. చలికాలానికి సిద్ధం చేసేదేమీ లేదు. కాలేజీకి వెళ్లే మనవరాలు "తాతా, గీజర్ వేశావా?" అని అరుస్తుంది. మీట నొక్కే ముందు ఓసారి దాని మీద చెయ్యి పెట్టి చూస్తాను... చల్లగా, నున్నగా ఉంటుంది. లోపల ఎవరూ ఉండరు.

మీ ఇళ్లలో చలికాలం పొయ్యి వెలిగించే ముందు చెయ్యి పెట్టి చూసేది ఎవరు? మీరేనా... నిజంగా పెట్టేవారా?