అరవై వాట్ల అమ్మ

మా చిన్నప్పుడు... రామసముద్రం దగ్గర మా ఊరికి కరెంటు కొత్తల్లుడిలా వచ్చేది. ఎప్పుడొస్తుందో చెప్పదు. వచ్చాక ఎంతసేపుంటుందో మనం అడగకూడదు. వచ్చిన మరుక్షణం మాత్రం వీధి వీధంతా లేచి మర్యాదలు చేయాలి. అన్ని ఇళ్లలో మిక్సీలు ఒక్కసారిగా గర్జించేవి... పచ్చడి సగం నలిగేసరికి అల్లుడు అలిగి వెళ్లిపోయేవాడు. మిగతా సగం రోటి పాలు.

అలాంటి అల్లుణ్ని నమ్ముకుని మా చిన్నమ్మ, అంటే చిన్నాయన భార్య, పుంగనూరు సంతలో డజను ఫారం కోడిపిల్లల్ని కొనుక్కొచ్చింది. తెల్లగా, దూది ఉండల్లా ఉన్నాయి. మిషన్లో పుట్టినవి కాబట్టి వాటికి తల్లి లేదు. అందుకని అట్టపెట్టెలో వరిపొట్టు పరిచి, పైన అరవై వాట్ల బల్బు వేలాడదీసింది. పిల్లలన్నీ దాని కింద చేరి హాయిగా కళ్లు మూసుకునేవి. మేము ఆ బల్బుకు భక్తిశ్రద్ధలతో ‘బల్బమ్మ’ అని నామకరణం చేశాం.

చిన్నాయన మాత్రం పెట్టెలోకి తొంగి చూసి, "కరెంటును నమ్ముకోని కోళ్లు సాకేదా? వారం తిరక్కుండా నీకే తెలుస్తాది సూడు" అన్నాడు.

చిన్నమ్మ బల్బును ఇంకాస్త కిందికి దించింది. మా ఉమ్మడి ఇంట్లో ఇది నాది అని ఆమె చెప్పుకోగలిగిన మొదటి వస్తువు ఆ పెట్టె.

నిజంగానే వారం తిరగలేదు. ముసురు పట్టింది... గాలికి పుంగనూరు రోడ్డులో స్తంభాలు పడిపోయాయి. బల్బమ్మ కన్నుమూసింది.

చిన్నమ్మ సీసాల్లో వేడినీళ్లు పోసి, పాత చీరపేలికలు చుట్టి పెట్టెలో పెట్టింది. అవి చల్లారేవి, మళ్లీ కాచి పోసేది. రాత్రీ పగలూ అదే పని. మర్నాడు సాయంత్రానికి ఇంట్లో ఎండుకట్టె కూడా అయిపోయింది. పెట్టెలో కిచకిచలు తగ్గాయి... కోడిపిల్ల అరుస్తుంటే భయం లేదు. అరవడం మానేస్తేనే భయం.

మా వీధిలో అప్పుడు పిల్లలతో ఉన్న కోడి ఒక్కటే. ఎదురింటి రెడ్డెమ్మవ్వ నల్లపెట్ట. రెండు రోజుల కిందే పిల్లల్ని లేపింది. మురిగిన గుడ్లు పోగా దానికి దక్కినవి నాలుగే. రెక్కల కింద కావలసినంత ఖాళీ.

చిక్కల్లా ఒక్కటే. ఆ నల్లపెట్టే వేసవిలో చిన్నమ్మ టమాటా నారుమడిని గీరి పారేసింది. ఇంకోసారి వస్తే కూర చేసేస్తానని చిన్నమ్మ నడివీధిలో ప్రకటించింది. ఆనాటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ఏదైనా అనుకోవాలంటే ఎవరి అరుగు మీద నుంచి వాళ్లు మా కుక్కను తిట్టేవాళ్లు. పాపం, ఆ కుక్క పడినన్ని మాటలు పగవాడు కూడా పడకూడదు.

చిన్నమ్మ చాలాసేపు ఎదురింటి వైపే చూసింది. తర్వాత పిల్లల్ని గంపలోకి ఎత్తి, పైన కొంగు కప్పి, వానలో వీధి దాటింది. వెనకే నేను, రాయబారి హోదాలో.

అవ్వ బుడ్డిదీపం ముందు కూర్చుని ఉంది. చిన్నమ్మ గోడవైపు చూస్తూ, "పాపా, అవ్వకు చెప్పు. పిల్లలు వణకతాండాయని" అంది.

అవ్వ కూడా అదే గోడను చూసింది. "పాపా, మీ చిన్నమ్మను అడుగు. నా కోడిని కూర చేస్తానన్నెది ఎవురని."

నేను నోరు తెరిచేలోపు గంపలోంచి ఒక సన్నటి మూలుగు వినిపించింది.

అవ్వ లేచింది. "మాటలకేమి, రేప్పొద్దున కూడా ఆడుకోవచ్చు. ఈడికి తే."

చిన్నమ్మ దీపం అందుకోబోయింది.

"దాన్ని ఆర్పేయ్ మే. ఎలుతురుంటే తెల్లవని తెలిసి పొడిసి సంపేస్తాది. సీకట్లో అయితే కోడికి అన్నీ దాని బిడ్డలే."

దీపం ఆరింది. అవ్వ ఒక్కో పిల్లనూ తడుముకుంటూ కోడి వెనక నుంచి రెక్కల కిందికి తోసింది. కోడి ఒకసారి బుస్సుమంది. ముక్కుతో ఒక్క పోటు పొడిస్తే చాలు, పిల్ల ప్రాణం పోతుంది. కాసేపటికి అది ‘కుర్... కుర్...’ అని గొణుక్కుంటూ రెక్కలు విప్పి సర్దుకుంది.

ఇక లేచి వెళ్లొచ్చు. ఎవరూ లేవలేదు.

"నారు మళ్లా పోసినావా?" చీకట్లో అవ్వ గొంతు.

"పోసినా అవ్వా."

"ఇంగ దీన్ని కట్టేసి పెడతాలే."

"యాల? బిడ్డల తల్లి. తిరగనీ."

ఇద్దరూ రాయబారిని మరిచిపోయారు. కుక్కనూ మరిచిపోయారు.

తెల్లారి చూస్తే ఒకటి దక్కలేదు. మిగిలినవన్నీ నల్లటి రెక్కల కింద నుంచి తెల్లటి తలలు బయటపెట్టి ఊరిని పరిశీలిస్తున్నాయి. ఆ మధ్యాహ్నమే కరెంటు వచ్చింది. చిన్నమ్మ సంబరంగా గంప తీసుకుని వెళ్తే, నల్లపెట్ట ఎగిరి మీదికొచ్చింది. పిల్లలు ఒక్కటీ కదల్లేదు. మా ఇంట్లో ఖాళీ పెట్టె మీద బల్బమ్మ ఒంటరిగా వెలిగింది...

ఆ పిల్లలు పెద్దయ్యేదాకా చిన్నమ్మ పూటపూటా గుప్పెట్లో నూకలు పట్టుకుని వీధి దాటేది. నూకలు చల్లడం నిమిషం పని. తిరిగి రావడానికి గంట పట్టేది. మొదటి గుడ్డు అవ్వకిచ్చింది. రెండోది అట్టేస్తే చిన్నాయన తిన్నాడు. కరెంటు ఊసు మాత్రం ఎత్తలేదు.

ఇప్పుడు మదనపల్లెలో మా ఫ్లాటుకు ఇన్వర్టరు ఉంది. మొన్న కరెంటు పోతే ఎంత చురుగ్గా అందుకుందంటే, పోయిన సంగతి మర్నాడు వాచ్‌మన్ చెప్తేగానీ తెలియలేదు. ఎదురింటివాళ్ల పేరు ఇంకా తెలియలేదు. దానికి ఏ వాచ్‌మన్‌ను అడగాలో...

కరెంటు పోయిన పూట మీరు తలుపు తట్టిన ఇల్లు ఏది? రాసి పంపండి... ఈ పూట ఫ్యాను ఆపేసి చదువుతాను.