తలుపు మీది పచ్చగుడ్డ

ఆ పొద్దు సుభద్రమ్మ తలుపుకు వేలాడుతున్న పచ్చగుడ్డ తీసింది నేను. సలోమమ్మ కాదు.

ఈ రెండు మాటలు చెప్పడానికి ఏళ్లు పట్టింది. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

పెనుకొండ దాటాక ఒక చర్చి వాళ్ళు పెద్ద వయసువాళ్ళ కోసం అపార్ట్‌మెంట్లు కట్టారు. మతం అడగరు. ఎవరి గది వాళ్ళది, ఎవరి పొయ్యి వాళ్ళది. సొంతంగా ఉండలేని వాళ్ళను మాత్రం కింది వార్డుకు మారుస్తారు. అక్కడ వరుసగా మంచాలు, వేళకు భోజనం. చర్చి బడిలో టీచరుగా చేసిన మా మేనత్తకు మేడ మీద గది ఇచ్చారు. పక్క గది సుభద్రమ్మది. ధర్మవరంలో మగ్గాల ఇంటి మనిషి, భర్త పోయాక ఇక్కడికి వచ్చింది.

అక్కడొక పద్ధతి ఉంది. అందరూ పడుకునే ముందు ఆయా ప్రతి తలుపు గడియకూ ఒక పచ్చగుడ్డ కట్టిపోతుంది. తెల్లారి లేచినవాళ్ళు దాన్ని లోపలికి తీసుకోవాలి. ప్రార్థన గంట కొట్టాక ఆయా వరండా అంతా తిరుగుతుంది. గుడ్డ లేకపోతే మనిషి బాగున్నట్టే, ముందుకు పోతుంది. ఉంటే తలుపు తడుతుంది. పలకకపోతే తన దగ్గరున్న తాళంచెవితో తెరుస్తుంది.

అత్తకు కంటి ఆపరేషన్ అయితే తోడుగా హిందూపురం నుంచి వచ్చి కొన్నాళ్లు ఉన్నాను. పేపర్లో విలేకరిని. వార్తలు ఫోన్లోనే పంపేవాణ్ణి. వచ్చిన సాయంత్రమే సుభద్రమ్మ పిలిచింది.

“ఏమబ్బా, ఒక పని చేసి పెడతావా? నాకు రాత్రంతా నిద్ర రాదు, తెల్లారేటప్పుడు కన్ను మూతపడతాది. దినామూ మీ అత్తే నా గుడ్డ లాగి కిటికీలోంచి లోపలేస్తాండె. ఇప్పుడు ఆయమ్మ కంటికి కట్టు కట్టుకోనుండాది.”

“ఆయా వచ్చి లేపితే ఏమైతాదవ్వా?”

“ఇప్పటికే రెండుసార్లు లేపినారు. ఇంగోసారైతే కింది వార్డే. ఆడ పొయ్యి ఉండదు. నా సంగటి నేను కెలుక్కునేదానికి లేకుంటే ఎందుకప్పా బతికేది?”

“నన్ను పట్టుకుంటే?”

“పేపరోడివి. ఊర్లో అందరినీ అడిగేది నువ్వు. నిన్నడిగే మొగోడు యాడుండాడు?”

ఇద్దరం నవ్వుకున్నాం.

రోజూ పాలకు దిగుతూ ఆ గుడ్డ తీసి కిటికీలోంచి లోపల వేసేవాణ్ణి. జాలితోనేనా? సుభద్రమ్మ కింది వార్డుకు పోతే అత్త ఒంటరిదవుతుంది, ఇక్కడ ఉండలేనని మా ఇంటికి వస్తానంటుంది. ఆ ఆలోచన నా మనసులో లేదని చెప్పలేను.

ఆ పొద్దు లోపల గిన్నె కదిలిన చప్పుడు విన్నాను. లేచిందిలే అనుకున్నాను. లేచిన మనిషి గుడ్డ తనే తీసుకునేది కదా? ఆ ప్రశ్న అప్పుడెందుకు రాలేదు? కిటికీలోకి ఒక్కసారి తొంగి చూస్తే ఏం పోయేది? అలవాటైన పని కాబట్టి చేయి దానంతట అదే పోయింది, నేను మెట్లు దిగిపోయాను.

మధ్యాహ్నం భోజనాల వేళకూ తలుపు తెరవకపోతే వెళ్లి చూశారు. మంచానికీ పొయ్యికీ మధ్య పడి ఉంది. మాట పోయింది. హిందూపురం ఆసుపత్రిలో కొన్నాళ్లకు చనిపోయింది. పొద్దున్నే తెచ్చి ఉంటే బతికేదా అంటే చెప్పలేమన్నాడు డాక్టరు.

చర్చి పెద్దలు హాల్లో కూర్చుని విచారించారు. గుడ్డ గది లోపల కిటికీ కింద దొరికింది. తలుపు తీసి తనే తీసుకున్న మనిషి దాన్ని అక్కడ పడేయదు. కాబట్టి తలుపు తట్టే శ్రమ తప్పించుకోవడానికి ఆయా సలోమమ్మే లోపలికి విసిరిందని తేల్చారు. నేను చూసేసరికి గుడ్డ లేదు సార్ అని ఆమె ఏడ్చింది. ఉన్నట్టుండి నా వైపు తిరిగింది. పాలకు పోయేటప్పుడు మీరు చూసుంటారు, మీరైనా చెప్పండి సార్ అంది.

“గమనించలేదమ్మా” అన్నాను.

గమనించడమే నా ఉద్యోగం.

పైకి వెళితే, కంటికి కట్టుతో పడుకున్న అత్త నన్నేమీ అడగలేదు. ఆమెకు తెలుసు. అయినా తను చనిపోయేదాకా ఆ మాట ఎత్తలేదు. తనకు భయం వేసిందో, నన్ను కాపాడాలనుకుందో.

ఆ వార్త నేనే రాశాను. ‘సిబ్బంది నిర్లక్ష్యమే కారణమని ఆరోపిస్తున్నారు’ అని. ఎవరు ఆరోపిస్తున్నారో రాయలేదు. మా వృత్తిలో ఆ క్రియాపదం చాటున ఎంతమందైనా దాక్కోవచ్చు. సలోమమ్మను పని నుంచి తీసేశారు.

ఆమెది సోమందేపల్లి. పెనుకొండ బస్సు ఆ ఊరి మీదుగానే పోతుంది. రోడ్డు పక్క హోటల్లో ఆమె అంట్లు తోముతుండగా ఒకసారి కిటికీలోంచి చూశాను. అప్పటి నుంచి ఆ ఊరు రాగానే ఫోన్ చూసుకుంటున్నట్టు తల దించుకుంటాను. దిగి చెబితే ఏమవుతుంది? తిడుతుందనా భయం? క్షమిస్తుందేమోనని ఇంకా భయం.

ఇన్నాళ్లకు చెప్పాను. ఊపిరి కాస్త సులువుగా ఆడుతోంది. అది నాకే, ఆమెకు కాదు.

ఈమధ్య సలోమమ్మ ధర్మవరంలో ఇంకో వృద్ధుల ఇంట్లో ఆయా పని అడగడానికి వెళ్లిందట. పాత చోట ఎందుకు తీసేశారని వాళ్ళు అడిగారట. ఆమె ఏం జవాబు చెప్పిందో నాకు తెలీదు.