హోసియత్ పెద్దమ్మ కత్తెర

"ఆ చెయ్యి ఇటు తే. ఈ జరీ ఆకు తలకిందులుగా కుట్టిందెవరే? విప్పేస్తాను."

"పెద్దమ్మా, ఇది నా ఒంటి మీదున్న బట్ట! విందులో కూర్చున్నాం!"

"నేనేమైనా లెమ్మన్నానా? నువ్వు పలావు తింటూ ఉండు, నేను విప్పుతూ ఉంటాను."

మా బుఖారా వీధిలో హోసియత్ పెద్దమ్మకున్నది ఒకే ఒక్క జబ్బు. ఎవరి కుట్టు కనబడినా విప్పాలి. జేబులో చిన్న కత్తెర లేకుండా ఆవిడ గడప దాటగా చూసినవాళ్ళు లేరు. పలకరింపుగా కౌగిలించుకుందంటే వీపు మీద ఒక జరీ పువ్వు పోయినట్టే. ఒకసారి బాలింతను చూడబోయి, ఉయ్యాల దుప్పటి సగం విప్పి, "పిల్ల బంగారం, కుట్టే దరిద్రం" అని దీవించి వచ్చింది. ఆవిడ వస్తోందంటే ఆడవాళ్ళు మంచి బట్టలు తిరగేసి తొడుక్కునేవారు.

"తిరగేస్తే నాకింకా సులువు. ముడులన్నీ పైకే ఉంటాయి" అనేది.

అందుకే మా చెల్లెలు నిగినా పెళ్ళికి అమ్మ ఆవిడను పిలవలేదు. అసలే మా భయం మాకుంది. పెళ్ళి మర్నాడు కొత్తకోడలు మేలిముసుగులో ఒక్కొక్కరికీ వంగి సలాం చేస్తుంటే, అత్తవారి ఆడవాళ్ళు ఆమె ముఖమల్ అంగీ మీది జరీని కళ్ళతోనే తూకం వేస్తారు. అది పెళ్ళికూతురు తన చేత్తో కుట్టుకోవాలి. నిగినాకు జ్వరం తగిలి కుడిచేతి అంచు సగంలో ఆగిపోయింది. నేను పూర్తిచేద్దామంటే చెయ్యి మారినట్టు ఇట్టే పట్టేస్తారు.

పిలవకపోయినా ఆ మర్నాటి సలాముకు పెద్దమ్మ వచ్చి ముందువరసలో కూర్చుంది. నిగినా వంగింది. పెళ్ళికొడుకు మేనత్త చటుక్కున ఆ చెయ్యి పట్టుకుంది.

"ఇదేంటి వదినా, పువ్వుకు సగం రేకులే ఉన్నాయి? నీ కోడలికి బద్ధకమా?"

ముసుగులోంచి వెక్కిళ్ళు వినబడ్డాయి. అమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సగం విప్పింది నేను!" అంటూ లేచింది పెద్దమ్మ. "మిగతాది విప్పేలోగా వాళ్ళమ్మ నన్ను తరిమేసింది. ఏదీ, ఇలా తే..." కత్తెర బయటికి తీసింది.

ఆడవాళ్ళంతా కెవ్వుమన్నారు. నిగినా అత్తగారు కోడలిని వెనక్కి లాక్కుని అడ్డంగా నిలబడింది.

"నా కోడలి జోలికొచ్చావో ఊరుకోను హోసియత్ అక్కా! ఇంత ముచ్చటైన పువ్వును విప్పడానికి నీకు చేతులెలా వచ్చాయి? ఏడవకమ్మా, ఆ అంచు మనిద్దరం కూర్చుని కుట్టుకుందాం."

అమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుని చల్లారిన టీ గటగటా తాగేసింది.

నేను పెద్దమ్మను వాకిట్లో పట్టుకున్నాను.

"ఆ అంగీని నువ్వు చూడటమే ఇప్పుడు కదా?"

"అంగీ ఎందుకే? మీ అమ్మ మొహం చూస్తే చాలదూ?"

"అయితే ఈ విప్పుడు జబ్బంతా నాటకమేనా?"

"నాటకమేంటే! పదిమందివీ నిజంగా విప్పబట్టే, విప్పనిది కూడా నా నెత్తిన వేసుకున్నా నమ్ముతున్నారు. సరేగానీ, రొట్టెలమ్మే ముహయ్యో లేదూ, దాని కూతురి పెళ్ళి శుక్రవారం. అంగీ మెడపట్టీ మీద కుట్టు సగం కూడా కాలేదట, పిల్ల కూర్చుని ఏడుస్తోంది. నువ్వు ముందు పరిగెత్తు. ముసలిది కత్తెర పట్టుకుని వాళ్ళింటికే వస్తోందని, వీధి వీధంతా వినబడేలా అరుచుకుంటూ వెళ్ళు!"