మడత లోపలి రంగు

కువబార ఫుమియే గారి తండ్రి పాత కిమోనోలు ఉతికేవాడు. ముందు కుట్లన్నీ విప్పి బట్టను ముక్కలు చేసేవాడు. తర్వాత ఉతికి, గంజి పెట్టి, పొడవాటి చెక్కల మీద పరిచి ఆరబెట్టేవాడు. అషికాగా ఊళ్లో వాళ్ల ఇంటి వెనక ఎండలో ఆ చెక్కలు వరసగా నిలబడి ఉండేవట. వాటి మధ్య నడుస్తుంటే ఎవరెవరి యవ్వనాలో ఆరుతున్నట్టు ఉండేదని ఆవిడ ఒకసారి నాతో అంది.

చిన్నప్పుడు దారాలు విప్పడం ఆవిడ పని. పైన ఎంత వెలిసిన బట్టయినా, కుట్టు విప్పగానే మడత లోపల వేలెడు మేర అసలు రంగు కనిపించేది. ముప్పై ఏళ్లు వెలుతురు తగలని రంగు. కాసేపు చూసి, అప్పుడు తండ్రికి అందించేదట.

1984 నాటికి ఆవిడకు యాభై రెండేళ్లు. టోక్యోలో, సుగినామిలో, మా కార్టూన్ స్టూడియోలో ఏ బొమ్మకు ఏ రంగు వేయాలో నిర్ణయించేది. కింద టోఫు దుకాణం, పైన మేము. ఆవిడ గది నిండా రంగు సీసాలు, ఒక్కో మూత మీద ఒక నంబరు. దారిలో నారింజ రంగుకు పండిన కాకీ పండు కనిపిస్తే, "నూట పన్నెండు, కాస్త ఎండ తగిలింది" అనేది. అందరం ఆవిడను అక్కా అనే పిలిచేవాళ్లం.

నేను వెనక దృశ్యాలు వేసేవాణ్ణి. ఆవిడ బృందం పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు మీద మనిషి బొమ్మకు రంగు వేస్తే, ఆ రేకును నా చిత్రం మీద పరిచి ఫోటో తీసేవారు. ఆవిడ రంగు ఎప్పుడూ నా రంగు మీదే నిలబడేది.

ఆ ఏడు మేం చేస్తున్న ధారావాహికలో కోహరు అనే పదేళ్ల పిల్ల, చనిపోయిన తల్లి గులాబీ ఎరుపు వానకోటును అంచు మడిచి కుట్టుకుని, అదే వేసుకుని తిరుగుతుంది. చివరి ఆరు వారాల్లో కోటు కొంచెం కొంచెంగా వెలిసిపోవాలి. ఆఖరి భాగంలో పిల్ల పొడుగవుతుంది. కోటు పొట్టిదై, అంచు విప్పి కిందికి దించుకుంటుంది. మడతలోంచి తల్లి నాటి రంగు బయటపడుతుంది. ఆ ఆలోచన ఫుమియే అక్కదే. డైరెక్టరు తొకునాగా కథ మొత్తాన్ని ఆ అంచు దాకా నడిపించాడు.

మా కార్యక్రమానికి డబ్బు పెట్టింది ఒక బొమ్మల కంపెనీ. వాళ్ల మనిషి ఇవదతే శీతాకాలం మొదట్లో వచ్చాడు. సంచిలోంచి కోహరు బొమ్మను తీసి బల్ల మీద నిలబెట్టి, అక్క రంగుల పట్టీని పక్కన పరిచాడు.

"కోటు పక్కన ఆరు రంగులున్నాయేంటండీ, కువబార గారూ?"

"వెలుస్తుందండీ."

"మా కోటు వెలవదండీ. షాపుల్లో పిల్లలకీ అదే కోటు అమ్ముతున్నాం. టీవీలో వెలిసిందంటే, కొన్నదీ వెలుస్తుందనుకుంటారు తల్లులు."

"కథే అదండీ," అన్నాడు తొకునాగా. "వెలవకపోతే చివర్లో ఆ పిల్ల విప్పడానికేముంది?"

"కథ జోలికి నేను రాను సార్. మా అమ్మయితే ఆదివారం సాయంత్రం మీ కార్టూన్ వస్తుంటే ఫోను కూడా ఎత్తదు. కానీ రంగు మాత్రం నలభై ఆరు. మొదటి వారం నుంచి ఆఖరి వారం దాకా అదే. ఒప్పందంలో ఉంది."

ఉంది. ఎవరం చదవలేదు. ఇక ప్రతి వారం కోటు రేకులు అతని కంపెనీకి పట్టుకెళ్లాలి. అతను తెల్ల కాగితం మీద రేకు పెట్టి, పక్కన బొమ్మను నిలబెట్టి, రంగు కలిస్తే ముద్ర వేస్తాడు.

తొకునాగా ఆఖరి సన్నివేశం కొట్టేయడానికి పెన్సిల్ తీశాడు. అక్క ఆపింది. "వారం ఆగండి. పెన్సిలెక్కడికీ పోదు."

శుక్రవారం మధ్యాహ్నం నేను అన్నం ఉండ తింటుంటే, నలభై ఆరుతో నింపిన కోటు రేకు పట్టుకొచ్చి, నా పాత చిత్రాల కట్ట విప్పమంది. మంచు మీద పెట్టింది. కోటు మండింది. గోధుమచేను మీద నవ్వింది. పోయిన ఏటి మేపుల్ ఆకుల మీద, మంటల్లాంటి ఎరుపు మీద పెట్టేసరికి, అదే కోటు ఎవరో పదిసార్లు ఉతికి ఆరేసినట్టు పాలిపోయింది.

అక్క రేకును తెల్ల కాగితం మీదికి జరిపేసరికి కోటు మళ్లీ కొత్తదైంది.

"ఆయన తెల్ల కాగితం మీద పెట్టి చూస్తాడు కదా," అంది. "సెగావా, నీ దగ్గర ఎరుపెంతుంది?"

"ఎందుకక్కా?"

"కథలో వసంతం వస్తోంది. ఊరంతా అజేలియా పొదలు పూయించు. మొదటి వారం ఒక గుమ్మం ముందు. తర్వాత రోడ్డు పొడుగునా. ఐదో వారానికి ఆ పిల్ల ఎటు నడిచినా ఎరుపే ఉండాలి."

"అక్కడ బూడిదరంగు వాన వేసేశాను. ఇరవై రెండు చిత్రాలు. నా పెళ్లికి కూడా ఇంత ఎరుపు వాడలేదక్కా."

"నీ పెళ్లికొచ్చాన్లే. మీ ఆవిడ కట్టుకున్నది ఎరుపనుకుంటున్నావా? ఉడికిన రొయ్య అది."

ఇరవై రెండూ మళ్లీ వేశాను. ఆకుల కంటే పూలే ఎక్కువ వేశాను. నా కుంచె కిందే ఒక పిల్ల కోటు పాతబడుతోందని తెలుస్తూ ఉంటే చెయ్యి నెమ్మదించేది. ఆఖరి సన్నివేశానికి మాత్రం ఆవిడ నన్ను ఖాళీ గోడ అడిగింది. దీపం వేయని గదిలో, బూడిద గోడ. ఆ గోడ ముందు రెండు చేతులు, విప్పిన అంచు, అంతే. ఆ అంచుకు కూడా అదే సీసా.

ఇవదతే ప్రతి వారం ముద్ర వేశాడు. నాలుగో వారం ఫోను చేసి, "తెర ఎంత నిండుగా ఉందండీ ఇప్పుడు, మా వాళ్లంతా సంతోషం" అన్నాడు. తొకునాగా ఫోను పెట్టేసి కిటికీ దగ్గరికి వెళ్లి నవ్వుకున్నాడు. అక్క నవ్వలేదు. అది పని చేస్తుందో లేదో ఆవిడకింకా తెలియదు.

ఆఖరి భాగం వచ్చిన ఆదివారం మేం కింద టోఫు దుకాణంలో చూశాం. యజమానురాలు ఒత్సుకా గారు టోఫు నానే నీళ్ల తొట్టిలో చెయ్యి పెట్టి ఉంది. పూలన్నీ వెనక్కిపోయి బూడిద గోడ వచ్చింది. వేళ్లు దారం తెంపాయి. అంచు దిగింది. ఒత్సుకా గారి చెయ్యి నీళ్లలోనే ఆగిపోయింది.

"అమ్మో, ఇంత రంగుండేదా ఇది," అంది నెమ్మదిగా.

అక్క తలవంచుకుని టోఫు రెండు ముక్కలు కట్టమంది.

మంగళవారం ఇవదతే వచ్చాడు. బొమ్మ తేలేదు. చివరి ఆరు వారాల కోటు రేకులు అడిగి తీసుకుని, తెల్ల కాగితం మీద వరసగా పేర్చాడు. అన్నీ ఒకటే రంగు. మొదటి దాన్నీ చివరి దాన్నీ చాలాసేపు మార్చి మార్చి చూశాడు.

"మా అమ్మ ఏడ్చింది," అన్నాడు. "కోటు ఎలా వెలిసిపోయిందో చూశావట్రా అంది. వెలవలేదమ్మా, ముద్ర వేసింది నేనే అన్నాను. నమ్మలేదు."

అక్క బార్లీ టీ పోసి ఇచ్చింది. అతను తాగి, కప్పును రెండు చేతులతో కింద పెట్టి లేచాడు.

"వచ్చే ధారావాహిక నుంచి రేకుల్ని వెనక చిత్రం మీద పెట్టి చూపించండి, కువబార గారూ."

"అలాగేనండీ."

మెట్ల దగ్గర ఆగాడు. అజేలియాల ముందు కోహరు నిలబడ్డ రేకు, దాని కింది చిత్రంతో సహా, ఒకటి దొరుకుతుందా అని అడిగాడు. మా అమ్మకి, అన్నాడు. ఇచ్చాం. తీసుకెళ్లేటప్పుడు రేకు కొస కొద్దిగా ఎత్తి, కిందికి దించి, మళ్లీ ఎత్తి చూసుకుంటూ దిగాడు.

అతను వెళ్లాక ఆవిడ నలభై ఆరో సీసా మూత బిగించి, తడిగుడ్డతో తుడిచి, అరలో దాని చోట పెట్టింది. తర్వాత నా చిత్రాల కట్ట దగ్గరికొచ్చి, పనికిరావని నేను పక్కన పడేసిన బూడిదరంగు వానల్ని ఒక్కొక్కటిగా తిరగేయడం మొదలుపెట్టింది.