నా దిక్కు తిరిగి పాడిన అక్క

మొన్న మా ఇంటామె నన్ను బీరంగూడల చెవుల డాక్టరు దగ్గరికి గుంజుకపోయింది. నేను టీవీ చప్పుడు పెంచి పెంచి పెడుతుంటె పక్కింటోళ్లు వాళ్ల టీవీ బందుచేసి మా టీవీ వార్తలే వింటున్నరని ఆమె ఫిర్యాదు. అక్కడ ఒక చిన్న అద్దాల అర్ర ఉన్నది. అండ్ల కూసోబెట్టి, చెవులకు డొప్పలు తగిలిచ్చి, "అంకుల్, సౌండ్ వినిపించినప్పుడల్లా వేలు పైకెత్తండి" అని చెప్పింది పరీక్ష చేసే పిల్ల. కుడి చెవికి మంచిగనే వినబడ్డది. ఎడమ చెవి వంతు వచ్చేసరికి ఏం లేదు, అంతా నిశ్శబ్దం. గట్లని ఊకుంటనా? పదిహేనేండ్లు ఆర్కెస్ట్రాల డ్రమ్ములు కొట్టిన మనిషిని. ఆ పిల్ల ఎంతసేపటికొక చప్పుడు ఇడుస్తున్నదో కుడి చెవి పరీక్షప్పుడే నా పానానికి తెలిసిపోయింది. ఆ లయ పట్టుకోని, అన్నీ వినబడుతున్నట్టు మొకం పెట్టి, టంచనుగ వేలు లేపుకుంట కూసున్న. కొంచెం సేపటికి ఆ పిల్ల తలుపు తెరిచి, "అంకుల్, మెషిన్ ఎప్పుడో ఆపేశాను. మీరింకా ఎత్తుతూనే ఉన్నారు" అన్నది. అద్దం అవతల మా ఇంటామె కొంగు నోట్లె కుక్కుకోని నవ్వుతున్నది.

ఈ చెవి ఎప్పటి సంది పనిచేస్తలేదని డాక్టరు అడిగిండు. "ముప్పై ఏండ్లయిందేమో సార్, డ్రమ్ములు కొట్టేటోన్ని" అంటె పెన్ను పక్కకు పెట్టి నా మొకం సూసిండు. మరి డ్రమ్ములు ఎట్ల వాయించినవన్నడు. ఆయనకేం చెప్పాలె? బయట టోకెన్లు పట్టుకోని మంది కూసున్నరు. మీకైతే నిమ్మలంగ చెప్పుకోవచ్చు.

మాది కర్దనూరు. నాయినది ఎవుసం, మా అన్నది గూడ ఎవుసమే. నాకు మాత్రం పటాన్‌చెరుల రేకులు ఒత్తే ఒక కంపెనీల కొలువు దొరికింది. పెద్ద పెద్ద ప్రెస్సులు వరుసగ ఉంటుండె. ఒకటి ధన్‌మని పడితె దాని ఎనుక ఇంకోటి, నడుమ గాలి ఇడిసే బుస్సుమనే చప్పుడు. కొత్తల తలకాయ పగిలిపోయేది. నెల తిరిగేసరికి అండ్ల నాకొక దరువు వినబడుడు షురూ అయింది. రేకు పెడుతుంటె కాలు దానంతట అదే ఆడేది. భజనల ఢోలక్ కొట్టిన చేతులు నావి, అవి గూడ ఆగకపోతుండె. సంగారెడ్డిల ఆర్కెస్ట్రా నడిపే మాస్టరు ఒక పెండ్లిల నా ఢోలక్ విని, "జాజ్ డ్రమ్ముల మీద కూసుంటవా?" అని అడిగిండు. కూసున్న. గంతే, ఇగ లేవలే. మా నాయినకు అది అసలు నచ్చలే. "నాగలి పట్టాల్సిన చేతులతోని కట్టెలు పట్టుకోని ఊరూరు తిరుగుడేందిరా, నీ పాడుగాను!" అని తిట్టేటోడు. మల్ల తెల్లారి నా పక్కకొచ్చి కూసోని, యాడికి పోయినవ్, పెండ్లిల ఏం పెట్టిండ్రు అని గుచ్చి గుచ్చి అడిగేటోడు.

పెండ్లిళ్ల కాలమొస్తె మేము ఇంట్ల కంటె మెటాడోర్ వ్యాన్లనే ఎక్కువ ఉంటుంటిమి. జోగిపేట, నారాయణఖేడ్, జహీరాబాద్, ఆ దిక్కు బీదర్ దాకా పోతుంటిమి. మరి కంపెనీల నా షిఫ్టు ఎవరు చేసేటోళ్లంటరా? బిహార్ నుంచి వచ్చిన దోస్తు ఒకడుండె. "జా భాయ్, బజా కే ఆ" అని నన్ను వాయించనీకి పంపి, నా పని గూడ వాడే మీదేసుకునేటోడు. వాని కోసం ప్రతి పెండ్లి నుంచి లడ్డూలు పొట్లం కట్టుకొస్తుంటి. నా వాయింపుల సగం వాని చెమటనే. ఇప్పుడు యాడున్నడో, సల్లగుండాలె. వ్యాన్ల ముందు సామాను ఎక్కేది, మనుషులు సందు దొరికినకాడ ఇరుక్కునేటోళ్లు. పెద్ద డ్రమ్ము నా ఒళ్లె ఉంటుండె. డ్రైవర్ మామ బీడీ, డీజిల్, మడిచి పెట్టిన తడి పరదాలు, బగారన్నం, మెడల వాడిపోయిన బంతిపూలు, అన్నీ కలిసి వ్యాన్ల ఒక్కటే వాసన. తిరుగు ప్రయాణంల సంగారెడ్డిల అందరు దిగిపోయినంక నేను, డ్రైవర్ మామ మిగిలేటోళ్లం. నేను ఎంత నిద్రల ఉన్నా పాశమైలారం మందుల కంపెనీల ఘాటు ముక్కుకు తగలంగనే కండ్లు తెరిచి చెప్పులేసుకునేటోన్ని. లోకంల అందరు ఆ కంపుకు ముక్కు మూసుకుంటరు, నాకైతె ఇల్లొచ్చిందని సంబురమయ్యేది.

ఎడమ చెవి ఒక్కనాడు పోలే. ప్రెస్సుల కింద కొంత, డ్రమ్ముల మీద కొంత, నాలుగైదేండ్లల్ల మెల్లమెల్లగ సచ్చిపోయింది. స్టేజీ మీద నా జాగ కుడి మూలకుండె. అంటె కీబోర్డు, గిటారు, పాడెటోళ్లు, స్పీకర్ డబ్బా, అందరు నాకు ఎడమ దిక్కే. సచ్చిన చెవి దిక్కు. చోటు మార్చుమని అడిగితె ఎందుకని అడుగుతరు. చెవి పోయిందంటె నన్ను ఉంచుకుంటరా? అప్పటికే హైదరాబాద్‌ల చిన్న డబ్బాలు వచ్చినయి. బటన్ ఒత్తితె చాలు, దానంతట అదే దరువు కొడతది, అన్నం అడగది, వ్యాన్ల జాగ అడగది. మా మాస్టరు గూడ కోఠిల ఒకటి చూసొచ్చిండని మాకందరికి తెలుసు. కంపెనీల నేను ఒక గేటు పాసును. ఆ డ్రమ్ముల ఎనుక ఉన్న ఇనుప కుర్సిల కూసుంటెనే నేను మనిషిని. అది పోతదని తలుచుకుంటె అన్నం సయించకపోయేది. అందుకె ఎవ్వరికి చెప్పలే. గిటారు పిలగాని కాలు చూసుకుంట, మనసుల లెక్కపెట్టుకుంట, నెట్టుకొస్తున్న.

ఇగ అక్క సంగతి. ఆమె సంగారెడ్డిల ఒక ప్రైవేటు బడిల టీచరు. పెనిమిటి లేడు, అత్తతోని బిడ్డతోని ఉంటుండె. మా ఆర్కెస్ట్రాల పాడే ఆడమనిషి ఆమె ఒక్కతే. నాకంటె ఏడెనిమిదేండ్లు పెద్ద, నన్ను తమ్మీ అనేది. ఆమె గొంతు నాకు చెవి పోకముందే మంచిగ ఎరుక, సన్నగ షురూ అయ్యి మెల్లగ ఇల్లంత నిండే గొంతు. ఒక ఏడాది చూస్తినా, అక్క మందికి అడ్డం తిరిగి, నా దిక్కు మొకం పెట్టి పాడుడు మొదలుపెట్టింది. కుడిచేతి వేళ్లు తొడమీద తాళం ఏస్తుంటయి. చరణం అయిపోతదనంగ గదుమ లేపుతది. నాకు మస్తు ఆసరైంది. ఇగ నా తెలివి చూడుండ్రి, నా వాయింపు అంటె అక్కకు గంత ఇష్టం కావచ్చు, అందుకె కండ్లు తిప్పకుండ చూస్తున్నదనుకున్న. ఇంటికొచ్చి మా ఇంటామెకు గొప్పగ చెప్పిన. "అద్దంల మొకం చూసుకున్నవా ఎప్పుడన్న?" అన్నది.

ఒకసారి జహీరాబాద్ దిక్కు ఒక ఊర్ల పగటి పెండ్లి. ఎర్రటి ఎండ, షామియానా కింద ఉడికిపోతున్నం. ముందటి వరుసల పెండ్లిపిల్ల మేనమామ కూసున్నడు, గొంతు చూస్తె మైకు అక్కరలేనిది. నాలుగు పాటలు చూసి చూసి లేచిండు. "ఏందమ్మా! గా డప్పులాయనకు పాడుతున్నవా, మాకు పాడుతున్నవా? జెర ఇటు తిరుగు!" అని అరిచిండు. మందంత గొల్లుమన్నరు. మాస్టరు గూడ తిరుగుమని కండ్లతోని సైగ చేసిండు. అక్క ఒక్కసారి నా దిక్కు చూసి, మందికి మొకం పెట్టింది. నాకు ఆమె జడ తప్ప ఏం కనబడలే. ఆ పాట ఆఖరుకు టక్కున ఆగాలె. గిటారు పిలగాని కాలికి మైకు స్టాండు అడ్డమొచ్చింది. అందరు ఆగిండ్రు. నేను ఆగలే.

నా డ్రమ్ముల చప్పుడే నా కుడి చెవి నిండ ఉన్నది, కొడుతనే ఉన్న. తలకాయ లేపి చూస్తె మంది చప్పట్లు గూడ మరిచిపోయి నన్నే చూస్తున్నరు. మాస్టరు చేతులు గాలిలనే ఉన్నయి. ఆపితె తప్పు చేసినట్టు అయితదని, ఏం తోయక ఇంకింత కొట్టిన. గప్పుడు అక్క చటుక్కున నా దిక్కు తిరిగి, నా దరువు మీద మల్ల పల్లవి అందుకున్నది. నడుసుకుంట నా ముందటికే వచ్చి పాడింది. గిటారు కలిసింది, మాస్టరు కలిసిండు. కావాలనే గట్ల చేసినమనుకోని మంది ఈలలేసిండ్రు. అరిచిన మేనమామనే లేచి పెండ్లికొడుకును గూడ గుంజుకోని ఆడిండు.

తిరుగొచ్చేటప్పుడు సదాశివపేట కాడ చాయకు ఆగినం. మాస్టరు చాయ గిలాస పట్టుకోని, "ఏమైందిరా నీకు?" అన్నడు. చెమటకు కట్టె జారి ధ్యాస తప్పింది సార్ అని ఏదో గొణిగిన.

"అబద్ధం సార్" అన్నది అక్క. "తమ్మునికి ఎడమ చెవి ఇనబడది. నిరుడు సంది సూస్తున్న. నేనే వానికి సైగ జేస్తున్న."

ఇన్ని దినాలు పానం లెక్క దాచుకున్నది నలుగుట్ల పెట్టిందని ఒళ్లు మండింది. ఇగ నా కుర్సి పాయె, డబ్బా వచ్చె అనుకున్న. మాస్టరు గూడ అదే అన్నడు. "గట్లయితె ఎట్లమ్మా? ఇయ్యాల ఏదో గడిచింది. ఇగ డబ్బా తెచ్చుడే నయం."

"తెచ్చుకోండ్రి సార్, నాకేం" అన్నది అక్క. ఆమె గొంతు పెంచుడు నేనెన్నడు చూడలే, అప్పుడు గూడ పెంచలే. "గని నేను డబ్బాతోని పాడ. నాకు ఊపిరి అందకపోతె తమ్ముడు జెరంత ఆగుతడు. నేను పాట కంటె జల్దీ పోతె నన్ను మెల్లగ ఎనకకు గుంజుతడు. డబ్బా నా మొకం సూస్తదా?"

చాయ అంగడాయన గూడ గిలాసలు కడుగుడు ఆపి చూస్తున్నడు. మాస్టరు నన్ను ఎగాదిగా చూసి, "కుడి చెవి మంచిగనే ఉన్నదా?" అని అడిగిండు. ఉన్నదన్న. ఆయన నెత్తి కొట్టుకున్నడు. "ఓరి నీ అవ్వ! కుడి చెవి ఉంటె ఎడమ మూలకు కూసోరాదురా? అందరం నీకు కుడి దిక్కు అయితుంటిమి గద! గింత దానికి ఏడాది సంది ఆమె మెడలు ఇరగ్గొట్టినవ్!"

నిజంగ గంతే. డ్రమ్ములు ఆ మూలకెంచి ఈ మూలకు జరిపితె అయిపోయే ముచ్చట. నేను రందితోని సగమైన గని నా మొద్దు బుర్రకు అది తోయలే. డ్రైవర్ మామ నవ్వి నవ్వి బీడీ పారేసుకున్నడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, చాయ అంగడి ఎనుకకు పోయి మొకం కడుక్కోనొచ్చిన. తెల్లారి సంది నా కుర్సి ఎడమ మూలకు పడ్డది. అక్క మందికి మొకం పెట్టి పాడింది, ఆమె పాట నాకు మల్ల వినబడ్డది. అటెంక ఇంకా తొమ్మిది పెండ్లిళ్ల కాలాలు వాయించిన. రెండు వేల సాలు దాటినంక డీజేలు వచ్చి మా ఆర్కెస్ట్రా తనంతట తనే ఆగిపోయింది. నన్ను ఎవ్వరు లేపలే. లేచిననాడు నేనే లేచిన.

డాక్టరు ఇచ్చిన చెవి మిషిన్ పెట్టుకోని పోయిన ఆదివారం సంగారెడ్డికి అక్క ఇంటికి పోయిన. తెల్లటి ఎంటికలు, మోకాళ్ల నొప్పులు, బిడ్డ, మనుమరాళ్లు. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. ఎన్నేండ్ల సందో అడుగుదామనుకున్నది అడిగిన. "అక్కా, ఆనాడు నీకు గూడ ఆర్కెస్ట్రా పైసలతోని పనే గద, బిడ్డను సాదాలె. నా కోసం మాస్టరుతోని ఎందుకు కొట్లాడినవ్?"

అక్క నన్ను ఎగాదిగా చూసింది. "నీకు యాదికి లేదా? నేను కొత్తగ వచ్చినప్పుడు, నారాయణఖేడ్ అవతల ఒక ఊరికి పోయినం. పొద్దు గూకింది. ఆడోళ్లు ఒంటికి పోనీకి యాడ జాగ లేదు. వ్యాన్ల అందరు మొగోళ్లే, ఎవరినడగాలె? పొద్దున సంది నీళ్లు తాగకుండ కూసున్న. నువ్వు ఏం అడగలే. డ్రమ్ము కట్టెలు చేతిల పట్టుకోని, దా అక్కా అని జొన్నచేను దాకా తోల్కపోయి, అటు తిరిగి గట్టు మీద నిలబడ్డవ్. నిలబడి ఆ కట్టెలు ఒకదానికొకటి కొట్టుకుంటనే ఉన్నవ్. నువ్వు యాడున్నవో నాకు తెల్వాలని. తమ్మీ, ఆ సప్పుడు ఒక్కటే జాగల ఉన్నది. జెరంత గూడ దగ్గరికి రాలే. ఇగ ఈ మందితోని తిరుగొచ్చు, ఏం భయం లేదని ఆనాడే అనుకున్న."

ఇంటికొచ్చేటప్పుడు బస్సుల కండ్లు మూసుకోని మస్తు వెతుక్కున్న. ఏ ఊరో, ఏ చేనో, ఎవరి పెండ్లో ఒక్క ముక్క యాదికి రాలే, ఇప్పటికి గూడ వస్తలేదు. నా బతుకుల ఒక మంచి దినం ఇన్నేండ్ల సంది అక్క తాన ఉన్నది, నాకు తెల్వనే తెల్వది.