చాప తాడు కట్టకూడదు

ఇవాళ ఇక్కడ బర్కా సముద్రపు ఒడ్డున మా కఫీల్, అంటే నన్ను పనికి పెట్టుకున్న అరబ్బు సేటు, కొడుకు తన చిన్న తెరచాప పడవ సర్దుతూ, చాప తాడు నా చేతికిచ్చి "బాంధ్ దో భాయ్" అని కట్టమన్నాడు. తడి తాడు వాసనకి మన జాలర్ల పేట గుర్తొచ్చింది.

మన అయ్యలెవరైనా ఆ తాడు కట్టేవారా, గుర్తుందా నేస్తం? "కట్టీకురా. గాలి తిరగబడితే ఒదిలీడానికి చేతిలోనే ఉండాల" అనేవాడు మా అయ్య. అన్నం తినేటప్పుడు కూడా దాన్ని కాలివేళ్ళ మధ్య బిగించి పట్టుకునేవాడు.

ఒకరోజు నేను పడవలో నిద్రపోయి లేచేసరికి తాడు కొయ్యకి కట్టేసి ఉంది. చాప నిండా గాలి. పడవ ఒడ్డుకే వస్తోంది. వెనక అయ్య లేడు. మళ్ళీ కనిపించలేదు. ఎందుకు కట్టాడో ఇప్పటికీ తెలియదు.

కఫీల్ కొడుకు రెండోసారీ కట్టమన్నాడు. తాడు చేతిలోనే పట్టుకున్నాను. కట్టి వెనక్కి తిరిగితే, అతనూ ఉండడేమోనని.