పాలాడైకి ఎన్ని మిల్లీలీటర్లు

నిరుడు మా అమ్మాయి కానుపుకు మా ఇంటికి వచ్చింది. బిడ్డ నెల ముందే పుట్టేసింది. రెండు అరచేతుల్లో ఇమిడిపోయేంత ఆడపిల్ల. రొమ్ము చప్పరించే బలం ఇంకా రాలేదని, తల్లిపాలు పిండి పాలాడైతో పోయమని చెప్పి డాక్టరమ్మ ఇంటికి పంపింది. విడతకు ముప్ఫై మిల్లీలీటర్లు, రెండేసి గంటలకు ఒకసారి. వారం తర్వాత తూకం చూస్తాననీ, బరువు పెరగకపోతే పొడిపాలు మొదలుపెట్టాల్సి ఉంటుందనీ అంది. ఆ ఆఖరి మాట మా అమ్మాయి మనసులో ముల్లులా దిగింది. తన బిడ్డ తన పాలతోనే పెరగాలని దాని పట్టుదల.

పాలాడై అంటే ముందు ముక్కులా సాగిన చిన్న వెండి గిన్నె. నెల్లూరు వైపు మా చుట్టాలు దాన్ని ఉగ్గుగిన్నె అంటారు. తరాలుగా మద్రాసులో ఉన్నవాళ్లం కాబట్టి మా నోట తమిళ మాటే వస్తుంది. మా ఇంట్లో ఉన్నది మా అత్తగారు మద్రాసులోనే, చూలై పేటలో చేయించింది. ఈ పాలాడై అర ఔన్సు పడుతుందని ఆవిడ చెప్పేది. ఆ మాటను మా ఆవిడ వేదవాక్కులా పట్టుకుంది. ఆమెకు పాలంటే ఔన్సులే, మందంటే ఔన్సులే. ఇంగ్లీషువాడు ఎప్పుడో మూటాముల్లె సర్దుకుని పోయినా వాడి ఔన్సు మాత్రం మా వాషర్‌మెన్‌పేట్ వంటింట్లోంచి కదల్లేదు.

ఆసుపత్రి వాళ్లు మిల్లీలీటర్లలో చెబుతారు, మా ఆవిడ పాలాడైల్లో పోస్తుంది, అమ్మాయి మళ్లీ మిల్లీలీటర్లలో ఫోన్‌లో ఎక్కించుకోవాలి. లెక్కల మాస్టారుగా రిటైరైన నాకు ఇంట్లో ఇంతకు మించిన ఉద్యోగం ఏముంటుంది? మందు పోసే సిరంజితో నీళ్లు తీసి పాలాడైలో పోసి చూశాను. అంచు దాకా పద్నాలుగు మిల్లీలీటర్లు, ఆపైన రెండు చుక్కలు. అంటే మా అత్తగారు చెప్పింది నిజమే, కాకపోతే అది ఇంగ్లీషు ఔన్సులో సగం. అమెరికా ఔన్సు దానికంటే కాస్త పెద్దది. మా వీధి చివర అంగడిలో కొన్న పాలసీసా మీద ఒక ఔన్సు గీత పక్కనే ముప్ఫై అని అచ్చు వేశారు. అది రెండు ఔన్సుల్లో దేనికీ సరిపోదు, ఏదో దగ్గరి అంకె వేసి చేతులు దులుపుకున్నారు. రెండు పాలాడైలు పోసి ముప్ఫై అనుకుంటే విడతకు ఒకటిన్నర మిల్లీలీటరు తక్కువ, రోజు మొత్తం మీద ఒక పాలాడైకి పైనే తక్కువ అని నేను లెక్క కట్టి చెప్పాను. మా ఆవిడ ఒంటికాలి మీద లేచింది. ఇద్దరు పిల్లల్ని పెంచిన చేతికి సిరంజి పెట్టి పాఠం చెబుతారా అని సాయంత్రం దాకా దెప్పుతూనే ఉంది.

ఆ వారమంతా ఒకటే తంతు. ఆపరేషన్ కుట్లు ఇంకా పచ్చిగా ఉండటంతో అమ్మాయి లోపలి గదిలోనే ఉండేది. పాలు పిండి స్టీలు గ్లాసులో ఇచ్చేది. మా ఆవిడ హాల్లో కాళ్లు చాపుకుని, బిడ్డను ఒళ్లో వేసుకుని, పాలాడై ముక్కు పెదవి వారన ఆనించి ఓపిగ్గా పోసేది. ఆ పని ఆమె చేస్తుంటే చూడటం నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. తాగడం అయ్యాక లోపల్నుంచి అమ్మాయి ఎంతైందని అడిగేది. ఒకటిన్నర అని మా ఆవిడ జవాబు. ఒక్కోసారి ఒకటి దాటింది, అంతే అనేది. నేను దాన్ని ఇరవై ఒకటి అనో పదిహేను అనో మార్చి చెప్పేవాణ్ణి. గ్లాసు మాత్రం ఖాళీగా తిరిగి వెళ్లేది. దాంతో తన దగ్గర ఉన్న పాలే అంత అని అమ్మాయి తేల్చుకుంది. పాలు పడాలని మెంతులు తింది, వెల్లుల్లి తింది, పాలసొర చేప పులుసు తింది. తిని గోడవైపు తిరిగి ఏడ్చేది. ఆ అంకెలు మార్చి చెప్పడం నాకు రోజురోజుకీ కష్టమైపోయింది.

తూకం రోజు అందరం ఆటోలో వెళ్లాం. డాక్టరమ్మ బిడ్డను తక్కెడలో పెట్టి, అంకె చూసి నవ్వింది. బరువు బాగా పెరిగింది. మా ప్రాణాలు లేచొచ్చాయి. తర్వాత ఆమె ఫోన్‌లోని లెక్క చూసింది, నవ్వు పోయింది. ఈ పాలకు ఇంత బరువు రాదని, ఇంట్లో ఎవరైనా ఆవుపాలో పొడిపాలో కలిపి పోస్తున్నారా అని తమిళంలో అడిగింది. అడుగుతూ మా ఆవిడ వైపు చూసింది.

మా అమ్మాయి మొహం పాలిపోయింది. "అమ్మా, నిజం చెప్పు. పొడిపాలు కలిపినావా?"

నాకు కోపం వచ్చింది. మా ఆవిడ బిడ్డ తలమీద కొంగు కప్పింది. గది తలుపు వేసి ఉందో లేదో చూసుకుంది. ఆ తర్వాత, గొంతు తగ్గించి, కూతురితోనే చెప్పింది.

"రెండు తాగతాది. ఒక్కోతూరి రెండున్నర. నేనే తగ్గించి చెప్పినా. బిడ్డ తాగింది తాగినట్టు ఎవురన్నా చెప్తారా? దిష్టి తగల్దా? ఇంత గుంట బిడ్డ, నాకు భయం."

మా అత్తగారూ అంతే, మా అమ్మా అంతే. బిడ్డ ఎంత తిన్నదీ ఉన్నదున్నట్టు పైకి అనకూడదు. నేను ఆ మాటలు వింటూనే పెరిగాను. అయినా ఇంగ్లీషు ఔన్సుకూ అమెరికా ఔన్సుకూ తేడా పట్టుకున్నవాణ్ణి, ఈ తేడా మాత్రం నాకు తట్టనే లేదు. డాక్టరమ్మకు నేను తమిళంలో చెప్పాను. ఆమె ఫోన్ మా అమ్మాయికి తిరిగి ఇచ్చేసింది.

"అయితే అంతా నా పాలేనా?" అంది మా అమ్మాయి.

"ఇంకెవురివే? అన్నీ నీవే."

ఇక గిన్నె అక్కర్లేదు, రొమ్ముకే పట్టి చూడమని డాక్టరమ్మ చెప్పి పంపింది. తిరిగి వచ్చేటప్పుడు మింట్ కూడలి దగ్గర ఆటో ట్రాఫిక్‌లో ఆగింది. బిడ్డ సన్నగా ఏడుపు అందుకుంది. మా ఆవిడ అలవాటుగా రెండు చేతులూ చాచింది. మా అమ్మాయి బిడ్డను ఇవ్వలేదు. చున్నీ సర్దుకుని, నన్ను కాసేపు బయటికి చూస్తుండమంది.